అనువాదకుల పేర్లు దొంగిలిస్తున్నారు: తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి, బ్యూరో అధికారులందరికీ,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఉంటూ ఇంగ్లీషు, హిందీల నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి బతుకుతున్నాను. ఏ కంపెనీలోనూ ఉద్యోగిని కాను. పని వస్తే చేస్తాను, చేసినదానికి బిల్లు పంపుతాను. ఈ ఊళ్లో నాలాంటివాళ్లం చాలామందిమి ఉన్నాం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనో, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలోనో చదువుకుని ఈ పనిలోకి వచ్చినవాళ్లు, రిటైరైన తెలుగు లెక్చరర్లు, పత్రికల్లో ఉద్యోగం పోయిన సబ్‌ఎడిటర్లు, పిల్లలు చిన్నవాళ్లని ఇంటి నుంచే పనిచేసుకుంటున్న తల్లులు. మందుల పెట్టెలో మడిచి పెట్టే కాగితం, బ్యాంకు యాప్‌లో కనిపించే తెలుగు, ఓటీటీలో సీరియల్ కింద నడిచే సబ్‌టైటిళ్లు, కోర్టులో దాఖలు చేసే పత్రాలకు తెలుగు ప్రతి, ఆస్పత్రిలో రోగి సంతకం పెట్టే అంగీకార పత్రం, ఇవన్నీ మా చేతుల మీదుగా వెళ్లేవే.

మా మీద జరుగుతున్న ఈమెయిల్ మోసాల గురించి ఈ లేఖ. ఖాతాలోంచి డబ్బు పోతే జనానికి 1930 హెల్ప్‌లైన్ ఉంది. వెంటనే ఫోన్ చేస్తే ఆ డబ్బు దొంగ చేతికి చేరకముందే బ్యాంకుల్లో ఆపుతున్నారు. 2024లో లోక్ అదాలత్‌ల ద్వారా ఎంతోమంది బాధితులకు డబ్బు వెనక్కి ఇప్పించారు. ఆ పని చూశాను కాబట్టే ఇంకెవరికో కాకుండా మీకు రాస్తున్నాను. మా దగ్గర మాత్రం దొంగలు మొదట పట్టుకుపోయేది డబ్బు కాదు. పేరు పోతుంది. వారాల తరబడి రాత్రింబవళ్లు కూర్చుని చేసిన పని పోతుంది. ఆధార్, పాన్ కాపీలు పోతాయి. స్టేషన్‌కు వెళితే అడిగే మొదటి మాట "ఎంత పోయింది?" అని. దానికి రూపాయల్లో జవాబు చెప్పలేకపోతే ఫిర్యాదు అక్కడే ఆగిపోతోంది. ఆ పద్ధతి మార్చమని అడగడానికే ఇదంతా రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ బాధ పెడుతున్న మోసంతో మొదలుపెడతాను. అది సీవీల, అంటే మా బయోడేటాల, దొంగతనం.

అనువాదకులకు పని కావాలంటే తమ వివరాలు నలుగురికీ కనబడేలా పెట్టుకోక తప్పదు. సంతలో కొట్టు పెట్టినవాళ్లు సరుకు గోనెసంచుల్లో కట్టి దాచుకోలేరు కదా. చదువు, అనుభవం, ఏ రంగంలో ఎంత పని చేశామో, ఏయే కంపెనీలకు చేశామో, అన్నీ సీవీలో రాసి అనువాదకుల వెబ్‌సైట్లయిన ప్రోజ్, ట్రాన్స్‌లేటర్స్‌కేఫ్‌లలో, లింక్డ్‌ఇన్ లాంటి చోట్ల పెడతాం. దొంగలు ఆ సీవీని దింపుకుంటారు. పేరు, డిగ్రీలు, అనుభవం యథాతథంగా ఉంచేసి మెయిల్ ఐడీ ఒక్కటి మారుస్తారు. అసలు మనిషి పేరుకు దగ్గరగా, చుక్క ఒకటి ఎక్కువగానో అంకె ఒకటి చివరగానో ఉండేలా కొత్త జీమెయిల్ తెరుస్తారు. ఆ సీవీని, క్లయింట్ల దగ్గర పని తీసుకుని అనువాదకులకు ఇచ్చే ఏజెన్సీలన్నిటికీ ప్రపంచమంతా పంపిస్తారు. ఎక్కడో ఒకచోట పని తగులుతుంది. ఫైలు రాగానే మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో వేసి, వచ్చింది వచ్చినట్టు గంటల్లో పంపేస్తారు. డబ్బు ఆన్‌లైన్ వాలెట్‌లో పడుతుంది. తెలుగు చదవలేని ఏజెన్సీకి తేడా వెంటనే తెలియదు. చివరి క్లయింటు దగ్గర తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా చూసి గోల పెట్టేసరికి ఆ మెయిల్ ఐడీ మూతపడుతుంది. చెడ్డపేరు మాత్రం సీవీలో ఉన్న అసలు మనిషికి మిగులుతుంది.

ఇది ఎంత పెద్ద వ్యాపారమంటే, ఇలా తిరిగే మెయిల్ ఐడీలను పట్టి జాబితా కట్టడానికే ట్రాన్స్‌లేటర్ స్కామర్స్ డైరెక్టరీ అని ఆన్‌లైన్‌లో ఒక జాబితా నడుస్తోంది. అందులో ఉన్న ఐడీలు వేలల్లో ఉంటాయి. దాన్ని నడిపేది పోలీసులు కాదు, ప్రభుత్వమూ కాదు. ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్లే తమ తోటివాళ్ల కోసం చేస్తున్నారు.

మా మిత్రబృందంలో ఒకావిడకు జరిగింది చెబుతాను. విద్యానగర్ వైపు ఉంటారు. వైద్య అనువాదాల్లో ఆవిడ మాట అంటే మాకందరికీ గురి. ఏ సందేహం వచ్చినా ఫోన్ చేసి అడిగేది ఆవిడనే. ఒకరోజు ఆవిడకు తెలియని విదేశీ ఏజెన్సీ ఒకటి లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెట్టింది. మీరు ఇచ్చిన అనువాదం పనికిరాదు, తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వండి, లేకపోతే మీ పేరు అన్నిచోట్లా పెడతాం అని. ఆవిడ వాళ్లకు ఎప్పుడూ పని చేయలేదు. ఇన్‌వాయిస్ పంపమని అడిగితే, దాని మీద ఆవిడ పేరు, ఆవిడ చదివిన యూనివర్సిటీ, ఆవిడ ఇంటి పిన్‌కోడ్ అన్నీ ఉన్నాయి. మెయిల్ ఐడీ, డబ్బు వెళ్లిన ఖాతా మాత్రం వేరు. నేను నేనేనని వాళ్లకు నిరూపించుకోవడానికి ఆవిడ పడ్డ పాట్లు చూసి మాకందరికీ కడుపు తరుక్కుపోయింది. వీడియో కాల్‌లో పాస్‌పోర్టు చూపించారు. పాత క్లయింట్లతో ఉత్తరాలు రాయించారు. అప్పటికి ఆ ఏజెన్సీ మిగతావాళ్లకు కూడా చెప్పేసింది. మరి రెండుచోట్ల నుంచి రావాల్సిన పని రాలేదు, ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు.

ఆవిడ స్టేషన్‌కు వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. "డబ్బెంత పోయిందమ్మా?" అని అడిగారు. డబ్బు పోలేదు సార్, నా పేరు వాడుకుని మోసం చేశారన్నారు ఆవిడ. "మరి నష్టం ఏముంది?" అన్నారు. అడిగినాయన మర్యాదగానే అడిగారు, ఎగతాళి చేయలేదు. ఆయన ముందున్న ఫారంలో డబ్బు గడి నింపకుండా ముందుకు వెళ్లే దారి ఆయనకు కనబడలేదు, అంతే. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇతర సైబర్ నేరాలు అనే విభాగం ఉంది. అందులో ఫిర్యాదు పెడితే నంబరు కూడా వచ్చింది. ఆ ఫిర్యాదు తిరిగి తిరిగి స్థానిక స్టేషన్‌కే చేరింది. అక్కడ మళ్లీ అదే ప్రశ్న.

సార్, ఈ నష్టం ఆవిడ ఒక్కరితో ఆగదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ (మందులను మనుషుల మీద పరీక్షించడం) నిబంధనల ప్రకారం, ట్రయల్‌లో చేరే మనిషికి అర్థమయ్యే భాషలో వివరాలన్నీ చెప్పి అంగీకారం తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఇలాంటి ట్రయల్స్ చాలా జరుగుతాయి. ఆ పత్రాల తెలుగు మాలాంటివాళ్లం చేస్తాం. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న అనువాదకురాలి సీవీ చూసి నమ్మి ఇచ్చిన పత్రాన్ని ఎవడో మెషీన్‌లో వేసి పంపిస్తే, మందు మోతాదు గురించో దుష్ఫలితాల గురించో రాసిన ఒక్క వాక్యం తారుమారైతే, దాని కింద వేలిముద్ర వేసేది ఏ పాలమూరు నుంచో వచ్చిన కూలీ. తెలుగు తప్పని ఆయన ఎవరికి చెప్పుకుంటాడు? సీవీ దొంగతనాన్ని చిన్న విషయంగా చూడొద్దని నేను బతిమాలడానికి అసలు కారణం ఇదే.

రెండోది, ఎక్కువ డబ్బు పంపి వెనక్కి అడిగే మోసం. దీని పాత రూపం చెక్కు. ఎవరో ప్రొఫెసర్ పేరుతోనో, సదస్సు నిర్వాహకుడి పేరుతోనో మెయిల్ వస్తుంది. వ్యాసం అనువదించాలి, రేటు మీరే చెప్పండి అంటాడు. బేరం ఆడడు. ఉదాహరణకు 40 వేలకు ఒప్పుకుంటే లక్షన్నరకు విదేశీ చెక్కు వస్తుంది. అకౌంట్స్ వాళ్లు పొరపాటున ఎక్కువ రాశారు, మీది మీరు ఉంచుకుని మిగతాది మా ఏజెంటుకు పంపేయండి అంటాడు. బ్యాంకు ముందు ఖాతాలో జమ చూపిస్తుంది. వారాలు గడిచాక చెక్కు చెల్లలేదని తేలితే ఆ జమ వెనక్కి తీసుకుంటుంది. ఈలోగా పంపిన డబ్బు మన సొంతది.

ఇప్పుడు మన దేశంలో దీనికి ఇంకా ప్రమాదకరమైన రూపం వచ్చింది. చెక్కు లేదు, యూపీఐలోనో ఐఎంపీఎస్‌లోనో నేరుగా రూపాయలు పడతాయి. ఆ రూపాయలు నిజమైనవే. కాకపోతే అవి మరో రాష్ట్రంలో మరో మోసంలో ఎవరో అమాయకులు పోగొట్టుకున్నవి. ఎక్కువ పడింది, ఫలానా ఖాతాకు తిప్పి పంపండి అంటాడు. నిజాయితీ ఉన్న మనిషి పరాయి సొమ్ము మనకెందుకని వెంటనే పంపేస్తుంది. దాంతో దొంగ సొమ్ము చేతులు మారే దారిలో ఆమె ఖాతా ఒక మెట్టు అయిపోయింది. కొన్నాళ్లకు ఆమె ఏటీఎం కార్డు పనిచేయదు. బ్యాంకుకు వెళితే, వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి ఉత్తరం వచ్చింది, ఖాతా ఆపేశాం, వాళ్లతో మాట్లాడుకోండి అంటారు. ఇంటద్దె, పిల్లల ఫీజు, నెలంతా పనిచేసి సంపాదించింది మొత్తం అందులో ఇరుక్కుపోతుంది. మోసపోయిన మనిషే నేరస్థురాలిలా ఆ రాష్ట్రం స్టేషన్‌కు ఫోన్లు చేస్తూ కూర్చుంటుంది. ఎత్తినవాళ్లు దర్యాప్తు అధికారి గారు లేరంటారు, మళ్లీ చేయమంటారు.

ఖాతాలు ఆపే అధికారం పోలీసులకు భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్ కింద ఉంది. ఉండాలి కూడా, లేకపోతే 1930తో డబ్బు ఆగేదే కాదు. నేను అడిగేది కొలత గురించి. వివాదంలో ఉన్నది పదిహేను వేలైతే ఆ పదిహేను వేలు ఆపండి. మొత్తం ఖాతా ఎందుకు ఆపాలి? 2023లో కేరళ హైకోర్టు కూడా ఇలాంటి కేసుల్లో అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలని చెప్పింది. తెలంగాణ నుంచి వెళ్లే ఉత్తరాల్లో ఆ మాట స్పష్టంగా రాయండి. వేరే రాష్ట్రాల వాళ్లు మన ఊరి అనువాదకుల ఖాతాలు ఆపినప్పుడు, మా దగ్గరున్న పర్చేజ్ ఆర్డర్, మెయిళ్లు, ఇన్‌వాయిస్ చూసి, ఈ మనిషి కూడా బాధితురాలేనని ఆ రాష్ట్రానికి తెలియజేసే అధికారి ఒకరు మీ దగ్గర ఉంటే చాలు. ఆమె ఒంటరిగా ఫోన్లు చేసుకునే బాధ తప్పుతుంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల్ని పట్టుకునేది వేరే రకం. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్‌లు తీసుకునే అమ్మాయిలు, అబ్బాయిలు ఖాళీ వేళల్లో ఏదైనా సంపాదించుకుందామని చూస్తుంటారు. పుస్తకం అనువదించాలి, లేదా స్కాన్ చేసిన పేజీలు టైపు చేయాలి, పేజీకి ఇంత అని మెయిల్ వస్తుంది. అగ్రిమెంట్ అని ఒక పీడీఎఫ్ పంపి సంతకం చేయించుకుంటారు, ఆధార్ కాపీ తీసుకుంటారు. రాత్రింబవళ్లు కూర్చుని పని పూర్తిచేసి పంపితే, తప్పులు ఎక్కువున్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, ఇంత కట్టకపోతే కేసు వేస్తాం అని లాయరు నోటీసు వస్తుంది. దాని మీద కోర్టు ముద్ర కూడా ఉంటుంది. అదంతా కంప్యూటర్లో తయారైనదే. ఇంట్లో చెబితే చదువు మాన్పించి ఊరికి తీసుకుపోతారని భయపడి, స్నేహితుల దగ్గర అప్పు చేసి కడతారు. ఒకసారి కడితే రెండో నోటీసు వస్తుంది.

డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో లేదని మీరు టీవీల్లో, బస్టాపుల్లో, కాలేజీల్లో చెప్పీ చెప్పీ జనం మనసులో నాటారు. ఈ దొంగ నోటీసుల గురించి కూడా అలాగే చెప్పండి. పని చేసి ఇచ్చిన మనిషి దగ్గర జరిమానా వసూలు చేయడానికి వాట్సాప్‌లోనో మెయిల్లోనో వచ్చే కోర్టు ముద్ర కాగితం నమ్మొద్దు, కట్టొద్దు, ఆ కాగితం మాకు పంపండి అని బ్యూరో పేరుతో ఒక్క పోస్టర్ వేస్తే, ఆ హాస్టళ్ల గోడల మీద మేమే అంటిస్తాం.

ఇక టెస్ట్ పేరుతో ఉచితంగా పని చేయించుకునే మోసం. 30 పేజీల పత్రాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కొక్కరికి టెస్ట్ అని పంపిస్తారు. అందరి ముక్కలూ వచ్చాక అతికించుకుని మాయమవుతారు. దీని గురించి ఎక్కువ చెప్పను, అనుభవం ఉన్నవాళ్లు పేజీకి మించిన టెస్ట్ ఒప్పుకోరు. పెద్ద పనే ఇచ్చి, తీసుకుని, మాయమయ్యే వాళ్లతోనే కష్టం. మంచి పేరున్న ఏజెన్సీ పేరుతోనే వస్తారు. ప్రోజ్‌లో బ్లూ బోర్డు అని ఒకటుంది, ఏ ఏజెన్సీతో మళ్లీ పనిచేయడానికి ఇష్టమో అనువాదకులు 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. దొంగలు అందులో 5 ఉన్న ఏజెన్సీ పేరు ఎంచుకుంటారు, దాని వెబ్‌సైటు పేరులో ఒక అక్షరం మార్చి మెయిల్ ఐడీ పెడతారు. పని పోయినవాళ్లు ఆ నిజమైన ఏజెన్సీని నిలదీస్తారు. అక్కడా మంచి పేరున్నవాళ్లకే మచ్చ.

ఒక తేడా ఇక్కడే చెప్పాలి. పని ఇచ్చింది నిజమైన కంపెనీ అయి ఉండి, బిల్లు ఎగ్గొడితే, దానికి మిమ్మల్ని ఇబ్బంది పెట్టం. అది వేరే దారి. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన అనువాదకులకు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం కింద 45 రోజుల్లో డబ్బు అందాలి, ఆలస్యమైతే చక్రవడ్డీ కూడా ఇవ్వాలి, ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. మేం మీ దగ్గరకు తెచ్చేవి మొదటి మెయిల్ నుంచే మోసం ఉద్దేశంతో వచ్చినవి. లేని కంపెనీ పేరు, లేదా మరొకరి పేరు పెట్టుకుని వచ్చినవి.

మీ అవగాహన పోస్టర్లు నేను శ్రద్ధగా చూస్తాను. ఓటీపీ చెప్పొద్దు, కొరియర్ పేరుతో వచ్చే ఫోన్లు నమ్మొద్దు, కేవైసీ లింకులు నొక్కొద్దు అని ఉంటాయి. అవి అందరికీ కావాలి. మా మోసంలో ఓటీపీ ఉండదు, లింకు కూడా ఉండదు. మర్యాదగా రాసిన మెయిల్, పని చేయాల్సిన ఫైలు ఉంటాయి. మేం చూడాల్సిన గుర్తులు వేరు. మెయిల్ ఏ డొమైన్ (ఐడీలో @ తర్వాత ఉండే పేరు) నుంచి వచ్చింది, ఆ డొమైన్ ఎప్పుడు నమోదైంది, జవాబు రాస్తే అదే ఐడీకి వెళుతోందా వేరే జీమెయిల్‌కా అని చూడాలి. భారతీయ కంపెనీనని చెప్పుకుంటూ పేపాల్‌లో డబ్బు వేస్తామంటే అబద్ధమని తెలుసుకోవాలి, ఎందుకంటే 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులు ఆపేసింది. కంపెనీ జీఎస్టీ నంబరు చెబితే జీఎస్టీ పోర్టల్‌లో వేసి చూడొచ్చు. టీడీఎస్ కోయడానికి కంపెనీకి పాన్ చాలు, ఆధార్ అక్కర్లేదు. అయినా అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. కంపెనీ వెబ్‌సైటులో ఉన్న నంబరుకు మనమే ఫోన్ చేసి, ఈ పేరు గల ప్రాజెక్ట్ మేనేజర్ మీ దగ్గర ఉన్నారా అని అడిగితే సగం మోసాలు అక్కడే బయటపడతాయి. ఇవన్నీ మేం ఒకరికొకరం వాట్సాప్‌లో చెప్పుకుంటున్నవి. బ్యూరో చెబితే ఇంకా చాలామంది వింటారు. ప్రతి నెల మొదటి బుధవారం జరిపే సైబర్ జాగరూకతా దినోత్సవాల్లో ఒకటి అనువాదం, భాషాశాస్త్రం చదివే విద్యార్థుల కోసం కేటాయించండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, మూడూ నగరంలోనే ఉన్నాయి.

ఇక చట్టం మాట. డబ్బు పోకపోతే మోసం కాదనే అభిప్రాయం చట్టంలో ఎక్కడా లేదు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 318వ సెక్షన్‌లో మోసానికి ఇచ్చిన నిర్వచనం చదవండి. మనిషిని నమ్మించి, నిజం తెలిస్తే చేయని పని చేయించి, దానివల్ల ఆ మనిషి శరీరానికో మనసుకో పరువుకో ఆస్తికో హాని కలిగితే అది మోసమే. పరువు అని చట్టమే రాసింది. మరొకరిలా నటించి మోసగించడం 319వ సెక్షన్ కింద నేరం. అదే కంప్యూటర్ ద్వారా చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మెయిల్ విదేశాల నుంచి వచ్చింది కదా, మేమేం చేయగలం అనే మాట కూడా వింటుంటాం. నేరానికి వాడిన లేదా నేరం జరిగిన కంప్యూటర్ భారతదేశంలో ఉంటే, చేసినవాడు ఎక్కడున్నా ఐటీ చట్టం వర్తిస్తుందని 75వ సెక్షన్ చెబుతోంది. మా స్టేషన్ పరిధి కాదంటూ తిప్పి పంపకూడదని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది.

ఐటీ చట్టం కేసులను ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలని నాకు తెలుసు. స్టేషన్లలో ఆ స్థాయి వాళ్లకు ఎంత పని ఉంటుందో బందోబస్తుల రోజుల్లో రోడ్ల మీద చూస్తూనే ఉన్నాం. కోట్లు పోయిన కేసులు వరసలో ఉండగా, డబ్బే పోని అనువాదకురాలి ఫిర్యాదు వెనక్కి పోవడం నాకు అర్థమవుతుంది. అందుకే ప్రతి ఫిర్యాదుకూ దర్యాప్తు బృందాన్ని వేయమని అడగడం లేదు. ముందు నమోదు చేయండి. రూపాయల గడిలో సున్నా ఉన్నా నమోదు చేయమని స్టేషన్లకు ఒక ఆదేశం ఇవ్వండి. పేరు దుర్వినియోగమైందని ఫిర్యాదు ఇచ్చిన మనిషికి రసీదు ఇవ్వండి. మీకది ఒక కాగితమే కావచ్చు. మాకు అది విదేశీ ఏజెన్సీకి చూపించగలిగే ఒకే ఒక్క రుజువు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను, ఇదిగో నంబరు అని చెప్పగలిగితే మా విద్యానగర్ మిత్రురాలు ఆ పాస్‌పోర్టు పట్టుకుని పరాయివాళ్లను బతిమాలాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇంకొకటి. జాతీయ పోర్టల్‌లో అనుమానితుల వివరాలు చేర్చడానికి, వెతికి చూసుకోవడానికి ఒక విభాగం ఉంది. ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లతో పాటు మెయిల్ ఐడీలు కూడా అందులో చూడొచ్చు. మా దగ్గరకు వచ్చే దొంగ ఐడీలు అందులోకి చేరేలా మీరు చూడాలి. ఇప్పుడు మేం ఒక్కొక్కరం విడివిడిగా పంపితే అవి ఎక్కడికి వెళుతున్నాయో తెలియడం లేదు. అనువాదకుల నుంచి వచ్చే వాటిని ఒకచోట చూసే అధికారి ఉంటే, ఒకే ఖాతా నంబరు పది మంది పేర్లతో తిరుగుతున్న సంగతి పది నిమిషాల్లో తేలుతుంది. ఒక్కో ఫిర్యాదు చిన్నదిగా కనిపిస్తుంది, అన్నీ కలిపి చూస్తే ముఠా కనిపిస్తుంది. వ్యవస్థీకృత నేరాల్లో సైబర్ నేరాలను కూడా న్యాయ సంహిత 111వ సెక్షన్ చేర్చింది. ఆ దారిలో వెళ్లాలంటే ముందు చిన్న ఫిర్యాదులు నమోదై ఉండాలి కదా.

ఈ లేఖ చదివే హైదరాబాద్ అనువాద ఏజెన్సీల వాళ్లకూ ఒక మాట. కొత్త అనువాదకులు సీవీ పంపితే, అందులో ఉన్న ఐడీకే జవాబు రాసి ఊరుకోకండి. ఆ మనిషి లింక్డ్‌ఇన్ లేదా ప్రోజ్ పేజీ ద్వారా విడిగా మెసేజ్ పెట్టి, ఈ మెయిల్ మీరే పంపారా అని అడగండి. రెండు నిమిషాలు వీడియోలో మాట్లాడండి. తెలుగు అనువాదకులు తెలుగులో మాట్లాడలేకపోతే అక్కడే తెలిసిపోతుంది. వైద్యం, చట్టం లాంటి పత్రాలు ఇచ్చేటప్పుడైతే ఇది చేయకపోవడం క్షమించరానిది. మీ కంపెనీ పేరుతో ఎవరైనా దొంగ మెయిళ్లు పంపుతున్నారని తెలిస్తే, పరువు పోతుందని దాచకండి. మీ వెబ్‌సైటు మొదటి పేజీలో పెట్టండి, మీ అసలు డొమైన్ ఏదో రాయండి.

తోటి అనువాదకులకు చెప్పేది కూడా ఇదే. మోసపోయామని బయటకు చెబితే, ఇంత చదువుకుని ఇలా ఎలా నమ్మావు అంటారని చాలామంది నోరు మెదపడం లేదు. నమ్మకం లేకపోతే మన పనే నడవదు. ముఖం చూడని మనిషి ఇచ్చిన ఫైలును రాత్రంతా మేలుకుని పూర్తిచేసి, డబ్బు రాకముందే పంపిస్తాం. ఆ నమ్మకాన్ని వాడుకున్నవాడిది తప్పు. వచ్చిన మెయిల్‌ను చెరిపేయకండి. ఫార్వర్డ్ చేస్తే హెడర్లు (మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే వివరాలు) పోతాయి కాబట్టి, అసలు మెయిల్‌ను హెడర్లతో సహా దింపి పెట్టుకోండి. పంపిన ఫైళ్లు, చాట్లు, ఖాతా నంబర్లు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. డబ్బు కూడా పోయి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చేయండి, మొదటి గంట చాలా విలువైనది.

డైరెక్టర్ గారూ, మా దగ్గర ఇలాంటి మెయిళ్లు, దొంగ సీవీలు, నకిలీ నోటీసులు పోగుపడి ఉన్నాయి. తేదీల వారీగా, హెడర్లతో సహా సర్ది ఇవ్వడానికి మేం సిద్ధం. ఏ ఫైలు మెషీన్‌లో వేసి పంపారో, ఏది మనిషి చేశారో తెలుగు చూసి చెప్పగలవాళ్లు మాలోనే ఉన్నారు. దర్యాప్తులో ఆ సాయం కావాలన్నా చేస్తాం, దానికి డబ్బు అడగం. బంజారాహిల్స్ కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో మీకు వీలైన రోజు ఒక గంట సమయం ఇవ్వండి. మాలో నలుగురైదుగురం వస్తాం. డబ్బు గడిలో సున్నా ఉన్న ఫిర్యాదును కూడా స్టేషన్లు తీసుకోవాలనే ఆదేశం, అనువాదకుల ఫిర్యాదులు చూసే ఒక అధికారి పేరు, ఆ సమావేశంలో ఈ రెండూ తేలితే మిగతావి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక తెలుగు అనువాదకురాలు
నల్లకుంట, హైదరాబాద్